ముద్ద మందారంలో కేసరాలు ఏమైనట్టు?

శ్రోతలకు నమస్కారం.

రేపు పొద్దున పూజకు పూలు కోసేటప్పుడు ఒక ముద్ద మందారం పక్కన పెట్టుకోండి. ఒంటిరెక్క మందారానికైతే ఐదు రేకులు, మధ్యలోంచి బయటికి చాచిన కాడ, దాని చుట్టూ పుప్పొడి తిత్తులు మోసే కేసరాలు ఉంటాయి. ముద్ద మందారంలో ఆ కాడ సరిగా కనబడదు, మధ్యంతా రేకుల గుత్తే. ఒక్కో రేకూ నెమ్మదిగా లాగి చూడండి. లోపలివాటిలో కొన్నిటి అంచున పసుపు చుక్కలాంటిది అంటుకుని ఉంటుంది. అది పుప్పొడి తిత్తి. కేసరం కావలసింది సగం దారిలో రేకై కూర్చుందన్నమాట.

మనకు కాళ్లూ చేతులూ గుండే అన్నీ తల్లి కడుపులోనే ఏర్పడతాయి. మొక్క సంగతి వేరు. చిగురు కొసన ఉండే కణాల గుంపు ఒకటి బతికినన్నాళ్లూ కొత్త భాగాలు వేస్తూనే ఉంటుంది. కొబ్బరిచెట్టుకు అలాంటి మొవ్వు ఒక్కటే, అది కుళ్లిపోతే చెట్టే పోతుంది. మందారానికి కొమ్మకొకటి ఉంటుంది కాబట్టి ఎంత కత్తిరించినా దానికి బెంగ లేదు.

ఆకులు వేసే ఆ గుంపే పూతవేళకు పువ్వు భాగాలు వేస్తుంది. ఏది ఎక్కడ రావాలో దానికి ఎలా తెలుస్తుంది? ఇంగ్లండ్‌లో స్నాప్‌డ్రాగన్ పూల మీద పనిచేసిన ఎన్రికో కోయెన్, అమెరికాలో ఆవ కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్ మీద పనిచేసిన ఎలియట్ మెయరోవిట్జ్ 1991లో కలిసి జవాబు చెప్పారు. మూడు రకాల జన్యువులు, వాటికి పెట్టిన పేర్లు ఏ, బీ, సీ. ఏ ఒక్కటే పనిచేస్తే మొగ్గను కప్పే పచ్చని రక్షక పత్రాలు. ఏ, బీ కలిస్తే రేకులు. బీ, సీ కలిస్తే కేసరాలు. సీ ఒక్కటే అయితే గింజలు పట్టే అండకోశం.

సీ పనిచేయకపోతే ఖాళీ చోటు ఉండదు, అక్కడికి ఏ వచ్చేస్తుంది. అప్పుడు కేసరాల చోట కూడా రేకులే. ముద్ద గులాబీలోనూ సీ మధ్యకు ముడుచుకుపోవడం వల్లే అన్ని రేకులు.

అరబిడాప్సిస్‌లో మూడింటినీ పనిచేయకుండా చేస్తే పువ్వు భాగాల చోట ఆకుల్లాంటివి వచ్చాయి. పువ్వు భాగాలన్నీ మారిన ఆకులేనని జర్మన్ కవి గేటే 1790లోనే అన్నాడు. కవి మాటకు రుజువు దొరకడానికి రెండు వందల ఏళ్లు పట్టింది!

రేకులుగా మారిపోయిన కేసరాలతో గింజ ఎక్కడ పడుతుంది? అందుకే మీ పెరట్లో ముద్ద మందారం బహుశా పక్కింటివాళ్లను అడిగి తెచ్చి నాటిన కొమ్మే.