మూడు లంగాల చంద్రమతి

(నెల్లూరు పురమందిరంలో రంగస్థల కళాకారుల సన్మాన సభలో ఒక పద్యనాటక నటి ప్రసంగం)

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. శాలువా కప్పి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. సన్మానపత్రంలో మాత్రం ఒక అబద్ధం ఉంది: "హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి పాత్రకే పుట్టిన నిండైన విగ్రహం" అట. పంతొమ్మిదేళ్లప్పుడు నాకు ఆ విగ్రహం లేదు. కావలి దగ్గర ఒక ఊళ్లో తొలి వేషానికి వెళితే కాంట్రాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ఈ పుల్ల వెనక వరుసకు ఎలా కనిపిస్తుంది?" అన్నాడు. చీర కింద మూడు లంగాలు కట్టించారు. జాకెట్టు భుజాల్లో దూది కుక్కారు. చెమటకు అది తడిసి, కాటి సీను వచ్చేసరికి ఒక భుజం మోచేతికి జారింది. నవ్వకండి! చనిపోయిన కొడుకు లోహితాస్యుడి మీద పడి ఏడుస్తూనే భుజం సర్దుకున్నాను. ఆపైన మా అమ్మ ఆరు నెలలు మొలగొలుకుల అన్నంలో నెయ్యి పోసి పెట్టింది. ఒళ్లు వచ్చింది, వేషాలూ వచ్చాయి.

నలభై ఆరో ఏట ఒక సీరియల్ వాళ్లు పిలిచారు. అమ్మ వేషమే. పద్యం అడగలేదు, బరువు అడిగారు. "తెర మీద ఇంకా లావుగా కనిపిస్తారమ్మా" అన్నాడు ఆ కుర్రవాడు. తండ్రి వేషానికి వచ్చినాయన కంటే ముందు ఆయన పొట్ట గదిలోకి వచ్చింది. ఆయనను ఎవరూ తూకం వేయలేదు.

పైగా ఆ గోడ మీద సావిత్రి ఫొటో! 1957లో 'మాయాబజార్'లో శశిరేఖ ఘటోత్కచుడి నడక నడిచినప్పుడు నడుము కొలత ఎవరడిగారు? మన నెల్లూరులో పుట్టిన వాణిశ్రీ కొప్పు చూసి మా వీధి ఆడవాళ్లు సవరాలు కొన్నారు. కొప్పును రాత్రికి విప్పి మేకుకు తగిలించవచ్చు. ఒంటిని ఎక్కడ తగిలిస్తాం?

2015 జూన్‌లో ఆర్తి అగర్వాల్ పోయారు. 31 ఏళ్లు. కొన్ని వారాల ముందే కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్నారు. అదే ఏడాది నవంబరులో అనుష్క ఒళ్లు పెంచి నటించిన 'సైజ్ జీరో' వచ్చింది. వేషం కోసం పెంచితే మెచ్చుకున్నాం. కాన్పు తర్వాత పెరిగితే?

రాసుకొచ్చిన కాగితం ఇంకా మూడు పేజీలుంది, పోనీయండి. ఇందాక తెర వెనక ఈ రాత్రి చంద్రమతి వేసే అమ్మాయిని చూశాను. ఫోనుల్లో తీస్తారు, లావుగా కనిపిస్తానని పొద్దుటి నుంచి మంచినీళ్ల మీదే ఉందట. ఇక రాగం లాగడానికి ఊపిరెక్కడిది? కాశీలో చంద్రమతి పస్తున్న మాట నిజమే. వేషం వేసే పిల్ల పస్తుండాలని ఏ నాటకంలోనూ లేదు. కార్యదర్శిగారూ, నాలుగు ఇడ్లీలు తెప్పించండి. ఆమె తిన్నాకే తెర తీయండి.