గాజు భరిణె మీద గీత

హోస్ట్: అక్కా, రొయ్యల గుంటలో నీళ్ళు టీ రంగు తిరిగితే చాలు, డయాటమ్‌లు (గాజు పెంకున్న, కంటికి కనపడని పాచి కణాలు) పట్టాయని మనోళ్ళు సంబరపడతారు. మీరేమో పుల్లటి నీళ్ళ డయాటమ్‌ల వెంట పడ్డారు. నెల్లూరులో అవి యాడుంటాయి?

అక్క: (నవ్వు) మన గుంటల్లో వెతకబాక! ఇక్కడ పీహెచ్, అదే నీళ్ళ పులుపు కొలత, 8 అటూ ఇటూ గదా. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నేను చెప్పేవి స్కాట్లాండు, స్వీడన్ వైపు ఊబి నేలలవి. అక్కడ స్ఫాగ్నమ్ అనే నాచు నీళ్ళలోని కాల్షియం లాక్కొని హైడ్రోజన్ అయాన్లు వదుల్తుంది. పీహెచ్ 4 దాకా పడిపోద్ది. అందులో కూడా హాయిగా బతికే డయాటమ్ యూనోషియా.

హోస్ట్: గుర్తుపట్టేదెట్టా?

అక్క: డయాటమ్ అంటే కుంకుమ భరిణె అనుకో, గాజుది. మూత కాస్త పెద్దది, అడుగు చిన్నది. కణం చీలితే ఒక పిల్లకి మూత, ఇంకోదానికి అడుగు. రెండూ వచ్చిన ముక్కనే మూతగా పెట్టుకొని, లోపల కొత్త అడుగు కట్టుకుంటాయి. అడుగు దక్కింది చిన్నబోద్ది. అందుకే పొడుగు చూసి పేరు పెడితే దెబ్బ తింటాం.

హోస్ట్: మీరు తిన్నారా?

అక్క: పొడుగుతో కాదబ్బాయ్, వంపుతో! ఎమ్మెస్సీలో పెన్నలో రాయి మీద జారుడు పాచి బ్రష్షుతో గీకి తెచ్చా. హైడ్రోజన్ పెరాక్సైడులో కాచి, పెంకులు మాత్రం మిగిల్చా. విల్లులాగా వంగినవి కనపడ్డాయి. యూనోషియా అని రికార్డులో రాసేశా. మా మేడం లెన్సులోకి చూసి, "గీత యాడుంది?" అంది. అంతే.

హోస్ట్: ఏం గీత?

అక్క: రాఫే. పెంకు మీద సన్నటి చీలిక, అందులోంచి జిగురు వదిలి పాకుతాయి. నా స్లైడులో అది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది, నడిమధ్యన మాత్రం తెగింది. అంటే అది సింబెల్లా, విల్లులాగానే వంగే ఇంకో డయాటమ్! యూనోషియాకైతే రాఫే కొసల దగ్గరే, పొట్టిగా, లోవంపు అంచుకి వాలి ఉంటది. పైనుంచి చూస్తే చిన్న కొక్కెం.

హోస్ట్: మరి రాఫే ఉన్నట్టా, లేనట్టా?

అక్క: ఆ తగువే చాన్నాళ్ళు నడిచింది. డయాటమ్‌లని విడదీసేది ఇట్టా: గుండ్రటివి, పొడుగువి, పొడుగువాటిలో రాఫే ఉన్నవి, లేనివి. యూనోషియాదేమో అరకొర. 1990లో రౌండ్, క్రాఫర్డ్, మాన్ అనే డయాటమ్ శాస్త్రవేత్తలు దీని జాతికి ఏకంగా ఉపతరగతే విడిగా ఇచ్చారు.

హోస్ట్: మా గుంటలో కనపడితే?

అక్క: ముందు సింబెల్లా కాదా చూడు. నిజంగా యూనోషియానే అయితే నీళ్ళు పులిసినట్టే, సున్నం బస్తాలు దించుకో!