శ్రుతి దించిన ఆర్చ్‌టాప్ గిటార్: ఆ మంద్రం మైకులోకి ఎలా వస్తుంది?

[తెర నల్లగా ఉంటుంది. ఆరో తీగ ఒక్కటే మీటిన శబ్దం. మోత పూర్తిగా ఆగాకే బొమ్మ వస్తుంది.]

ఇప్పుడు మీరు విన్నది బి స్వరం. మామూలు గిటార్‌లో ఆరో తీగ ‘ఈ’ (E) అనే స్వరంలో, అంటే 82.41 హెర్ట్జ్‌లో పలుకుతుంది. నా గిటార్‌లో అదే తీగ ఐదు అరస్వరాలు కిందికి దిగి 61.74 హెర్ట్జ్‌లో పలుకుతోంది. ఇంకో సంగతి చెప్తాను. మీరు ఫోన్ స్పీకర్‌లో వింటుంటే ఆ 61 హెర్ట్జ్ మీ చెవిదాకా రానేలేదు. అయినా మీకు మంద్రంగానే వినిపించింది. ఎందుకో తెలిస్తే ఈ గిటార్‌ని ఎలా వాయించాలో, ఎలా రికార్డ్ చేయాలో చాలావరకు తెలిసినట్టే.

[గిటార్‌ని పక్కనుంచి చూపాలి. పైపలక వంపు మీద వెలుగు పడాలి.]

ఈ వంపు చూడండి. ఇది ఆర్చ్‌టాప్. వయొలిన్‌లాగా పైపలకను దిమ్మనుంచి చెక్కి వంపు తెస్తారు. నాదానికి పైన స్ప్రూస్, వెనక, పక్కల మేపుల్. వయొలిన్‌కి ఉండేలాంటి ఈ రెండు ఎఫ్ హోల్స్‌తో, అంటే f ఆకారపు రంధ్రాలతో, గిబ్సన్ కంపెనీ ఎల్-5 గిటార్ తెచ్చింది 1922లో. జాజ్ గిటార్ అనగానే కళ్లముందు మెదిలే రూపం అక్కణ్ణుంచి వచ్చిందే.

[బ్రిడ్జ్ దగ్గరికి కెమెరా.]

అసలు విషయం ఇక్కడుంది. ఈ బ్రిడ్జ్‌ని జిగురుతో అతికించరు. తీగలు దీనిమీదుగా వంగి, వాటి చివర్లను పట్టుకునే టెయిల్‌పీస్‌కి వెళ్తాయి. ఆ వంపు దగ్గర తీగలు కిందికి నొక్కడం వల్లే బ్రిడ్జ్ నిలబడుతుంది, ఆ నొక్కుడు వల్లే పైపలక కదులుతుంది. అంటే తీగ బిగువే ఈ గిటార్‌కి గొంతు.

మరి శ్రుతి దించితే? బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. ఒక్క పూర్తి స్వరం దించితేనే సుమారు 21 శాతం పోతుంది. ‘ఈ’ (E) నుంచి ‘బి’ దాకా దించితే 44 శాతం పోతుంది. అదే తీగలు ఉంచి కీలు మాత్రం తిప్పేస్తే తీగ వదులై మెడ మీది లోహపు ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది, పలక అదరదు, గట్టిగా మీటిన ప్రతిసారీ స్వరం మొదట పైకెగిరి తర్వాత కిందికి జారుతుంది. నేను మామూలు ఆర్చ్‌టాప్ మీద ఇది చేసి చూశాను. వారం రోజులు వాయించినా ఒక్క తీగ కూడా నాకు నచ్చేలా పలకలేదు.

అందుకే దీన్ని ప్రత్యేకంగా చేయించాను. స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 27 అంగుళాలు, మామూలుగా ఉండే 25.5 కాదు. ఆ ఒకటిన్నర అంగుళం వల్లే బిగువు 12 శాతం పెరుగుతుంది. మిగతాది తీగల లావు చూసుకుంటుంది: మొదటి తీగ 0.016 అంగుళం, ఆరోది 0.070. మూడో తీగ కూడా చుట్టిన తీగే. ఈ లెక్కలో బిగువు మామూలు శ్రుతిలో, మొదటి తీగ 0.013 అంగుళం ఉండే సెట్‌కి ఉన్నంత వస్తుంది. శ్రుతి కిందినుంచి పైకి బి, ఈ, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి.

మీ దగ్గరున్న గిటార్‌కే లావు తీగలు వేద్దామనుకుంటే నట్ (మెడ చివర తీగలు ఆనే ముక్క) గాళ్లు వెడల్పు చేయించాలి, ట్రస్ రాడ్ (మెడ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) సరిచూసుకోవాలి. తీగలన్నీ ఒకేసారి విప్పకండి. బ్రిడ్జ్ చోటు తప్పుతుంది. ఒక్కొక్కటిగా మార్చండి. చివర్లో పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కకుండా తాకి మీటిన హార్మోనిక్‌నీ, నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చి బ్రిడ్జ్‌ని కొద్దికొద్దిగా జరుపుకోవాలి.

[తెర మీద గ్రాఫ్: 61.74, 123.48, 185.22, 246.96 దగ్గర నాలుగు గీతలు. మొదటిది పొట్టిగా.]

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఏ బోలు గిటార్‌కైనా లోపలి గాలికి సొంతంగా ఒక మోత ఉంటుంది. పెద్ద గిటార్లలో అది సుమారు 100 హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది. దానికి బాగా దిగువన పలక ఒకవైపు తోస్తుంటే రంధ్రాల గాలి దానికి ఎదురు కదిలి, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కాబట్టి 61.74 బలహీనంగా బయటికొస్తుంది. దాని రెట్టింపులో మోగే రెండో హార్మోనిక్ 123, మూడు రెట్లలో మోగే మూడోది 185 మాత్రం నిండుగా వస్తాయి. ఈ గీతల మధ్య ఎడం ఎప్పుడూ 61.74. మన వినికిడి ఆ ఎడాన్ని పట్టుకుని, లేని పునాదిని తానే పూరించుకుంటుంది. ఈ గిటార్ లోతు ఉన్నది 120 నుంచి 250 మధ్యలో. ఇది నాకు అర్థం కావడానికి చాలా రికార్డింగులు పాడయ్యాయి. లోతు కోసం బాస్ నాబ్ పెంచుకుంటూ పోయాను, వచ్చిందల్లా గుబగుబ.

[వేళ్ల మీద కెమెరా. జి కార్డ్ ఆకారం.]

వాయించడంలోనూ ఇదే లెక్క. ఆరో తీగ 3వ ఫ్రెట్, ఐదో తీగ 2వ ఫ్రెట్ కలిపి మీటుతున్నాను. మామూలు గిటార్‌లో జి, బి. ఇక్కడ డి, ఎఫ్ షార్ప్, అంటే 73.42, 92.50. మధ్య తేడా 19 హెర్ట్జ్. చెవి ఈ రెంటినీ విడదీసి వినలేదు, గరగరమంటుంది. వినండి.

[శబ్దం.]

ఇప్పుడు ఆ ఎఫ్ షార్ప్‌నే ఒక స్థాయి పైకి, మూడో తీగ 4వ ఫ్రెట్‌కి తీసుకెళ్తాను. మధ్య తీగలు మూసేస్తాను.

[శబ్దం.]

అదే కార్డ్, కానీ గాలి ఆడుతోంది. ఏ కార్డ్‌కైనా ఇదే పద్ధతి: అడుగున ఒక్క స్వరం, తర్వాత ఖాళీ, పైన ఆ కార్డ్‌లోని మూడో స్వరం, ఏడో స్వరం. ఏడు తీగల ఆర్చ్‌టాప్ వాయించిన జార్జ్ వాన్ ఎప్స్ అడుగున 55 హెర్ట్జ్ ఎ తీగ పెట్టుకున్నారు. ఆ తీగ మీద బాస్ వరుసను, పై తీగల మీద శ్రావ్యాన్ని విడివిడిగా నడిపేవారు. కింది శ్రుతిలో వాయించాలనుకునే వాళ్లందరూ ముందు ఆయన చేతిని గమనించాలని నా అభిప్రాయం.

మీటే చోటు కూడా ముఖ్యమే. తీగ సరిగ్గా నడిమధ్యన మీటితే రెండో హార్మోనిక్ పుట్టదు. మన లోతుని మోసేది అదే కదా! చేతిని కాస్త బ్రిడ్జ్ వైపు జరపండి.

[రికార్డింగ్ గది. ఒక మైక్, గిటార్ నుంచి ఒక కేబుల్, మూసిన తలుపు అవతల ఆంప్.]

నేను మూడు ట్రాకులు తీస్తాను. తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ నుంచి నేరుగా ఒకటి, వేరే గదిలో ఆంప్ (యాంప్లిఫయర్) ముందు మైక్‌తో ఒకటి, గిటార్ ముందు చిన్న డయాఫ్రం కండెన్సర్ మైక్‌తో ఒకటి. ఆంప్ వేరే గదిలో ఉంటే ఈ బోలు పెట్టె ఊళ పెట్టదు. గిటార్ మైక్‌ని ఎఫ్ హోల్‌కి ఎదురుగా పెట్టొద్దు. అక్కడ గాలి మోత ఒక్కటే ఉబ్బి వస్తుంది. సన్న తీగల వైపు హోల్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్య గురిపెట్టి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైక్ ఇంకా దగ్గరికొస్తే బాస్‌ని తనే పెంచేస్తుంది. గది బాగుంటే అన్ని వైపులా సమానంగా పట్టే ఆమ్నీ మైక్ వాడండి, దానికి ఆ జబ్బు లేదు.

అందరూ మరిచేది ఒకటుంది. శబ్దం 34 సెంటీమీటర్లు నడవడానికి ఒక మిల్లీసెకండు పడుతుంది. పికప్ ట్రాక్‌కి ఆ ఆలస్యం లేదు. రెంటినీ సమానంగా కలిపితే 500 హెర్ట్జ్, 1500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడి స్వరం డొల్లగా వినిపిస్తుంది. మైక్ ట్రాక్‌ని ఆ ఒక్క మిల్లీసెకండు ముందే మొదలయ్యేలా జరపండి. తర్వాత ఒక ట్రాక్ తరంగాన్ని తలకిందులు చేసే పోలారిటీ బటన్ తిప్పి చూడండి. అడుగు స్వరం ఎటు నిండుగా ఉంటే అటే ఉంచండి.

ఇక ఈక్వలైజర్. గిటార్ అనగానే 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (ఆ హద్దు దిగువ శబ్దాన్ని కోసే ఫిల్టర్) పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఒంటరిగా వాయించేటప్పుడు నేను 40 దగ్గర పెడతాను, ఉన్న కాస్త పునాదీ పోకుండా. డబుల్ బాస్ తోడుంటే మాత్రం నేనే 80కి పెంచేస్తాను. బాస్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, కాబట్టి ఆ చోటు వాళ్లది. నా లోతు 123లో ఉంది, అదెక్కడికీ పోదు. 200, 300 మధ్య బురదగా ఉందని కోయాలనిపిస్తుంది. ఈ గిటార్‌కి అక్కడ చేయి పెట్టను. మైక్‌ని రెండు అంగుళాలు పక్కకి జరుపుతాను.

[తెర మళ్లీ నల్లగా. అదే ఆరో తీగ, మొదట 80 దగ్గర కోసి, తర్వాత కోయకుండా.]

హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. మొదటిది కోసినది, రెండోది కోయనిది. రెండింటిలోనూ బి వినిపిస్తోందో లేదో చూడండి.

[మోత ఆగేదాకా ఉంచాలి.]