టోపీ వెనక ఊరి పేరు తెలుగులో కుట్టడం కుదురుతుంది

ఈ రెండు టోపీల వెనక వైపు చూడండి. ఒకదాని మీద విజయనగరం, రెండోదాని మీద శ్రీకాకుళం. రెండూ ఒకే ఎంబ్రాయిడరీ మెషీన్ మీద, ఒకే దారంతో, ఒకే రోజు కుట్టినవి. విజయనగరం ఇంత దూరం నుంచి కూడా చదవొచ్చు. శ్రీకాకుళంలో మాత్రం మొదటి అక్షరం దగ్గరే దారం ముద్దయిపోయింది, అది శ్రీ అని చెప్తే తప్ప తెలీదు. సొంత ఊరి పేరే ఇలా వచ్చేసరికి నాకు చాలా బాధేసింది.

పోయిన వీడియో చూసి పలాస నుంచి ఒక తమ్ముడు అడిగాడు. సంక్రాంతికి వాలీబాల్ టీమ్‌కి టోపీలు చేయిస్తున్నారట, వెనక ఊరి పేరు తెలుగులో కావాలంటే షాపులో కుదరదు, ఇంగ్లీషులో వేసుకోండి అన్నారట, నిజంగానే కుదరదా అన్నా అని. కుదురుతుంది తమ్ముడూ. పైగా మీ ఊరి పేరుకి మూడే అక్షరాలు, ఒక్క ఒత్తు కూడా లేదు. మీకు కుదరదన్నారంటే నాకు నిజంగా కోపం వచ్చింది.

అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్తాను. టోపీ వెనక రెండు ముక్కలు కలిసే చోట నిలువుగా ఒక మందపాటి కుట్టు వస్తుంది, దాని కింద పట్టీ కోసం అర్ధచంద్రాకారంలో కోసేసి ఉంటుంది. ఆ వంపు పైన పేరు కూడా వంపుగానే రావాలి. నా దగ్గరున్న ఈ టోపీలో ఎత్తు 15 మిల్లీమీటర్లకి మించి పెడితే బాగోదు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే ఆ 15 మొత్తం అక్షరానికే వాడుకోవచ్చు, ఎందుకంటే వాటికి పైనా కిందా ఇంకేం ఉండవు. మనకి అలా కాదు, పైన గుడి, కింద ఒత్తు, మధ్యలో అక్షరం. శ్రీలో పైన గుడి దీర్ఘం ఉంది, కింద ర ఒత్తు ఉంది, ఆ రెండింటికీ చెరో నాలుగు మిల్లీమీటర్లు ఇచ్చేస్తే అక్షరానికి మిగిలేది ఏడు. ఆ ఏడులోనే ళలో ఉన్న సున్నాలు కూడా తెరుచుకుని కనబడాలి. విజయనగరంలో ఒత్తే లేదు, కింద భాగం మొత్తం మిగిలిపోయింది కాబట్టి అక్షరాలు పెద్దగా వచ్చాయి. గజపతినగరం, ఆమదాలవలస, రాజాం, వీటిలో కూడా ఒత్తు లేదు. నెల్లిమర్లలో రెండున్నాయి. బొబ్బిలిలో ఒకటే, కానీ ఆ ఒత్తున్న అక్షరానికే గుడి కూడా ఉంది. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడు ఎన్ని అక్షరాలు అని కాదు, ఒత్తు ఎక్కడుంది అని ముందు చూడండి.

ఇప్పుడు నా పొరపాటు చెప్పాలి. మొదట్లో నేను పంచింగ్, అంటే కంప్యూటర్‌లో పేరుని మెషీన్ కుట్టే కుట్లుగా మార్చే పని, బయట చేయించాను. వాళ్లు జెర్సీ వీపు మీద వేసే సైజుకి చేసి, మెషీన్ చదివే డీఎస్‌టీ ఫైల్ పంపారు, నేను దాన్ని మెషీన్‌లోనే సగానికి తగ్గించి టోపీ ఎక్కించాను. డీఎస్‌టీలో అక్షరం ఆకారం ఉండదండి, సూది ఎక్కడెక్కడ దిగాలో అది మాత్రమే ఉంటుంది. సైజు సగం చేస్తే కుట్లు తగ్గవు, అన్ని కుట్లూ ఆ చిన్న జాగాలోనే ఒకదాని మీద ఒకటి పడతాయి. నిలువు కుట్టు దగ్గరకి వచ్చేసరికి సూది విరిగింది. ఆ రోజు 40 టోపీల ఆర్డర్, ఆరు పాడయ్యాయి. తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన ఒక టోపీ తిప్పి చూసి, "ఏటి బావూ, ఇది మన ఊరి పేరేనా" అన్నారు. ఏడురోడ్ల కూడలి దాటి ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో ఉంది.

అప్పట్నుంచి తెలుగు పేర్లకి పంచింగ్ నేనే చేస్తున్నాను. కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ పెట్టి బటన్ నొక్కితే కుట్లుగా మారుతుంది, నిజమే, కానీ ఒత్తు దగ్గర, మలుపు దగ్గర కుట్లు ఏ దిక్కుకి పడాలో దానికి తెలీదు. అక్షరాన్ని కింద బొమ్మలా పెట్టుకుని, మన చేత్తో రాసే వరసలోనే గీత గీతగా గీయాలి. గీత వెడల్పు ఒక మిల్లీమీటర్‌కి తగ్గకూడదు. కుట్టు పడ్డాక దారం లాక్కుంటుంది, గీసినదానికంటే గీత సన్నబడుతుంది, అందుకే కొంచెం వెడల్పు కలిపి గీస్తాం. అలా కలిపినప్పుడు ళ లోపలి సున్నాలు మూసుకుపోతాయి. కాబట్టి ఆ సున్నాల్ని ఫాంట్‌లో ఉన్నదానికంటే పెద్దవి చేసేయండి, బొమ్మలో వికారంగా కనిపించినా కుట్టాక సరిపోతుంది.

పలాస తమ్ముడికి ఒక్క జాగ్రత్త. ప, స, ఈ రెండు అక్షరాలకీ తలకట్టు ఒంటికి అంటుకోదు, విడిగా ఉంటుంది. అంత చిన్న గీతకి మెషీన్ ఆగి, దారం తెంపి, మళ్లీ మొదలుపెట్టాలి. నాలుగు సార్లు ఉతికితే ఊడిపోయేది అదే. నేను చిన్న సైజులో తలకట్టుని కొంచెం కిందకి దించి అక్షరానికి తగిలేలా గీస్తున్నాను, చదవడానికి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

మామూలు పేర్లకి 40 నంబర్ దారం, 75/11 సూది చాలు. ఒత్తులున్న పేర్లకి 60 నంబర్ సన్నదారం, 65/9 సూది పెట్టండి. దారం ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. స్పీడు నిమిషానికి 600 కుట్లు దాటించకండి. ముందు వైపు ఉన్నట్టు వెనక బక్రం, అంటే లోపల వేసే గట్టి గుడ్డ, ఉండదు, కాబట్టి కుట్టే చోట గుడ్డ కింద ఎంబ్రాయిడరీ పేపర్ తప్పనిసరి, లోపలి చెమట పట్టీని బయటకి తిప్పి పెట్టుకోవాలి, లేకపోతే దాన్ని కూడా కలిపి కుట్టేస్తుంది. కుట్టడం మధ్యలోంచి మొదలుపెట్టి కుడికి సగం, ఎడమకి సగం వెళ్లాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే గుడ్డ ముందుకి నెట్టుకుంటూ పోయి రెండో చివర ముడత పడుతుంది, పేరు కూడా పక్కకి జరిగిపోతుంది. మొదలుపెట్టే ముందు ట్రేస్ ఒకసారి తిప్పి, అంటే కుట్టకుండా పేరు చుట్టూ ఒక రౌండ్ తిప్పి, టోపీని పట్టుకునే ఫ్రేమ్‌కి సూది తగలడం లేదని చూసుకోండి.

ఇదిగోండి, శ్రీకాకుళం మళ్లీ చేశాను. ఈసారి శ్రీలో ర ఒత్తుని పూర్తిగా కిందకి లాగకుండా అక్షరం ఎడమ పక్కకి చుట్టేలా గీశాను, దాంతో ఏడు మిల్లీమీటర్లు తొమ్మిది అయింది. పేపర్ చింపుతున్నాను, వెనక తిప్పి చూడండి, కింద బాబిన్‌లోంచి వచ్చే తెల్లదారం గీత మధ్యలో మూడో వంతు కనబడుతోంది కదా, టెన్షన్, అంటే దారం బిగువు, సరిగ్గా ఉందన్నమాట. ఇప్పుడు ముందుకి తిప్పుతున్నాను. శ్రీ, కా, కు, ళం.

ఇంక ఇచ్ఛాపురం వాళ్లది మిగిలింది. చ కింద ఛ ఒత్తు, ఇప్పటికి రెండు సార్లు గీసి చెరిపాను. మూడోది ఇప్పుడే ఫ్రేమ్ ఎక్కిస్తున్నాను, సూది కింద చూస్తూ ఉండండి.