పశువులు సరిహద్దు దాటాలా, వద్దా? చర్చా కార్యక్రమం

(2023 జూన్. బతికున్న పశువుల ఎగుమతికి తలుపులు తెరుస్తుందని గొడవ లేవడంతో కేంద్రం ముసాయిదా బిల్లును వెనక్కి తీసుకున్న రోజులవి. మాటలు కలిసిపోయిన చోట వినపడినంతే రాశాం.)

మోడరేటర్: బిల్లు పోయింది సరే, బంగ్లాదేశ్‌కి దొంగరవాణా ఆగుతుందా?

రైతు నాయకుడు: అది తర్వాత సార్. వట్టిపోయిన గేదెని, పని తీరిన ఎద్దుని ఎవరు కొంటారో ముందు చెప్పండి. గడ్డి, దాణా ఖర్చు ఎవరిస్తారు? 2017లో సంతల్లో కోతకి అమ్మొద్దని రూల్ తెచ్చారు, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, అయినా సంతకి తోలుకెళ్లే రైతుకి భయం పోలేదు...

జంతు సంక్షేమ కార్యకర్త: ఓడల్లో రోజుల తరబడి నిలబెట్టి...

రైతు నాయకుడు: మేడం, నన్ను పూర్తి చేయనివ్వండి!

మోడరేటర్: బంగ్లాదేశ్‌తో మనకి 4,096 కిలోమీటర్ల సరిహద్దు సార్. 2015లో హోంమంత్రిగా రాజ్‌నాథ్ సింగ్ వెళ్లి మరీ సరిహద్దు కాపలా దళం బీఎస్ఎఫ్‌కి చెప్పారు, దొంగరవాణా ఆపమని.

పశువైద్యుడు: ఆపాక ఏమైందో చూడండి. అక్కడ మాంసం రేటు పెరిగింది, వాళ్లే మేపడం మొదలుపెట్టారు. బక్రీద్‌కి సొంత పశువులు చాలని ఇప్పుడు వాళ్ల ప్రభుత్వమే అంటోంది. ఇక కొనేవాడెక్కడ...

రైతు నాయకుడు: కొనేవాడు లేకపోతే గల్ఫ్‌కి పంపుతాం! మన ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్లలేదా?

మోడరేటర్: అవును, అక్కడ నెలోర్ అంటారట. ఎలా వెళ్లింది డాక్టర్ గారూ?

పశువైద్యుడు: అది విత్తనానికి వెళ్లింది సార్, కోతకి కాదు. నేను జబ్బుల గురించి చెప్పాలి. లంపీ స్కిన్, అదే పశువుల ఒంటిమీద గడ్డలు లేచే జబ్బు, 2019లో బంగ్లాదేశ్‌లో కనపడింది, అదే ఏడాది ఒడిశాలో...

మోడరేటర్: అంటే దొంగరవాణా వల్లే వచ్చిందంటారా?

పశువైద్యుడు: నేనలా అనలేదు. ఈగలు, దోమలు కూడా మోస్తాయి. క్వారంటైన్ లేకుండా పశువు దాటితే ముప్పని...

కార్యకర్త: అందుకే అసలు బతికున్న పశువుని పంపొద్దంటున్నాం. 2014లో పశువుల్ని బలిచ్చే గఢీమాయి జాతర కోసం నేపాల్‌కి పశువులు పోకుండా చూడమని సుప్రీంకోర్టే...

రైతు నాయకుడు: జాతర వేరు, వ్యాపారం వేరు. నా ఎద్దుని ఎవరు కొంటారండీ? ఇందాకటి నుంచి అడుగుతున్నా!

(ముగ్గురూ ఒకేసారి. రైతు నాయకుడి గొంతే పైకి వినపడుతోంది.)

మోడరేటర్: బ్రేక్ తర్వాత దొంగరవాణా మీదే మాట్లాడదాం.

రైతు నాయకుడు: బ్రేక్ ఏంటి సార్, ఇంకా నేను...