బంతికి 49 లక్షలు: ఆటను ఎవరు కొంటున్నారు, ఎవరు కడుతున్నారు?

నమస్కారం. కాజీపేట నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఒక రాత్రి సంగతి చెప్పి, ఆ తరువాత లెక్కల్లోకి వెళ్తాను.

2024 జూన్ 29. బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ ఫైనల్. మా బాపు రైల్వేలో పని చేసి రిటైరయ్యారు. కేబుల్ బిల్లు ఒక్క నెల కూడా బాకీ పెట్టని మనిషి. ఆ రాత్రి భోజనం ముందే ముగించి టీవీ పెట్టారు. మా ప్యాకేజీలో స్పోర్ట్స్ ఛానల్ లేదు. ఖర్చు తగ్గుతుందని అంతకుముందే ఆయనే తీసేయించారు. దూరదర్శన్ ఉంది కదా అని డీడీ స్పోర్ట్స్ పెట్టారు. అందులో వేరే కార్యక్రమం ఏదో నడుస్తోంది. ఈలోగా ఎదురింట్లో ఒకటే కేకలు. వాళ్లకు కేబుల్ లేదు, మేడ మీద డీడీ ఫ్రీ డిష్ ఉంది. దానికి నెలనెలా చందా కట్టే పని లేదు. ఆ ఇంటి టీవీలో అదే డీడీ స్పోర్ట్స్, దాంట్లో మ్యాచ్!

బాపు చెప్పులు వేసుకుని అటు వెళ్లారు. నేను వెళ్లేసరికి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆఖరి ఓవర్, ఆరు బంతుల్లో పదహారు పరుగులు. హార్దిక్ వేసిన మొదటి బంతిని మిల్లర్ గాల్లోకి లేపాడు. సూర్యకుమార్ బౌండరీ తాడు దగ్గర దాన్ని అందుకుని, పైకి విసిరి, తాడు దాటి, మళ్లీ లోపలికి వచ్చి పట్టుకున్నాడు. బాపు నా భుజం పట్టుకుని ఊపేశారు. ఇంటికి తిరిగి వస్తూ ఒక్క మాట అన్నారు: "డబ్బు కట్టే ఇంట్లో రాదు, కట్టని ఇంట్లో వస్తుంది. ఇదేం లెక్కరా?"

బాపు అడిగిన ఆ లెక్క కోసమే ఈ వీడియో.

2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. జాతీయ ప్రాధాన్యం ఉన్న ఆటల ప్రసార హక్కులు ఎవరు కొన్నా, ప్రకటనలు లేని ప్రత్యక్ష ప్రసార సిగ్నల్‌ను దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. దూరదర్శన్ దాని మీద తన ప్రకటనలు వేసుకుంటుంది. టీవీలో ఆ ఆదాయంలో 75 శాతం హక్కులు కొన్నవారికి, 25 శాతం ప్రసార భారతికి. పేదవాడి ఇంట్లో కూడా భారత జట్టు ఆట కనిపించాలన్న మంచి ఉద్దేశంతో చేసిన చట్టం. అయితే అందులో ఒక మాట ఉంది: ఆ సిగ్నల్ ఇచ్చేది దూరదర్శన్ తన టెరెస్ట్రియల్ (యాంటెన్నాతో అందేది), డీటీహెచ్ (డిష్‌తో నేరుగా ఇంటికి వచ్చేది) నెట్‌వర్కుల్లో ప్రసారం చేయడానికి. కేబుల్ ఊసు లేదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ మాట ప్రకారమే తీర్పు చెప్పింది. పంచుకున్న సిగ్నల్ ప్రైవేటు కేబుల్‌లోకి వెళ్లకూడదంది. యాంటెన్నా పెట్టి చూద్దామంటే ఆ పాత ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ మూతపడ్డాయి. మిగిలింది ఫ్రీ డిష్ ఒక్కటే. అందుకే మా వీధిలో ఆ రాత్రి అలా జరిగింది. ఇందులో దూరదర్శన్ తప్పు లేదు, మా కేబుల్ ఆపరేటర్ తప్పు అంతకన్నా లేదు.

మరి హక్కులు కొన్నవాళ్లు ఆ సిగ్నల్ విషయంలో కోర్టు దాకా ఎందుకు వెళ్లారు? వాళ్లు పెట్టిన డబ్బు అలాంటిది.

ఒకప్పుడు సంగతి తలకిందులు. తొంభైల మొదట్లో మ్యాచ్ చూపించాలంటే క్రికెట్ బోర్డే దూరదర్శన్‌కు ఎదురు డబ్బు కట్టాల్సిన పరిస్థితి. 1993లో హీరో కప్ క్రికెట్ టోర్నీ ప్రసారాన్ని విదేశీ సంస్థకు ఇవ్వడంతో మొదలైన గొడవ మీద 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పింది, దూరదర్శన్ గుత్తాధిపత్యాన్ని తప్పుపట్టింది. ఆ తీర్పుతో బజారు తెరుచుకుంది. తరంగాలు ప్రజలవన్న మొదటి సగం మాత్రం అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోదలచుకోలేదు.

ఇప్పుడు బజారు ధర చూడండి. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్ల ఐపీఎల్‌ను స్టార్ ఇండియా 16,347.5 కోట్లకు కొన్నది. 2022 జూన్‌లో తరువాతి ఐదేళ్లకు వేలం పెడితే 48,390 కోట్లు వచ్చాయి. దాదాపు మూడింతలు. టీవీ హక్కులు డిస్నీ స్టార్‌కు 23,575 కోట్లకు, డిజిటల్ హక్కుల్లో ప్రధాన భాగం వయాకామ్18కు 20,500 కోట్లకు. మొత్తం 410 మ్యాచ్‌లు. అన్ని హక్కులూ కలిపి పంచితే మ్యాచ్‌కు 118 కోట్లు. మ్యాచ్‌లో 240 బంతులు, వైడ్లూ నోబాళ్లూ లెక్కలోకి తీసుకోకుండా. బంతికి 49 లక్షల పైచిలుకు. ఆ అంకె వచ్చాక నేను కాగితం మీద మళ్లీ మొదటి నుంచి భాగించి చూశాను. అదే వచ్చింది.

ఇంత ఎందుకు పెడతారంటే, సీరియల్‌ను రేపు ఫోన్‌లో చూసుకోవచ్చు, మ్యాచ్‌ను మాత్రం ఆ గంటలోనే చూడాలి. ప్రకటన వచ్చినా లేచి వెళ్లని ప్రేక్షకుడు ఇక ఆటలోనే దొరుకుతాడు. పోటీదారుకు దక్కకూడదన్న పంతం కూడా ధరను పైకి లాగింది. అయితే పెట్టిన డబ్బు తిరిగి రావాలి కదా. ఫోన్‌లో డబ్బు పెట్టి ఊహాజట్లు కట్టించే ఫాంటసీ గేమింగ్ కంపెనీల ప్రకటనలు పెద్ద దన్నుగా ఉండేవి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించడంతో ఆ రాబడి పోయింది. 2023లో, 2024లో ఫోన్‌లో ఐపీఎల్ ఉచితంగా ఇచ్చారు. 2025 వచ్చేసరికి చందా అడిగారు. టీవీలో అయితే ఆ బరువు ఛానల్ ధర మీద పడుతుంది.

ఆ బరువు ఎలా దిగుతుందో మా కేబుల్ ఆపరేటర్ గదిలో చూశాను. ఛానల్‌ను బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి అమ్మే కట్టలో పెట్టాలంటే దాని విడి ధర 19 రూపాయలు దాటకూడదని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. చూడటానికి చిన్న అంకె. కానీ బొకేలు, పన్ను, నెట్‌వర్క్ రుసుము కలిసి బిల్లయ్యేసరికి చిన్నగా ఉండదు. 2023 ఫిబ్రవరిలో కొత్త ధరల ఒప్పందం మీద సంతకం చేయని కేబుల్ సంస్థలకు పెద్ద బ్రాడ్‌కాస్టర్లు సిగ్నలే ఆపేశారు. అప్పుడు తిట్లు తిన్నది ఎవరు? వీధిలో తిరిగే ఆపరేటరే. "పెంచేది పైన, చెప్పేది నేను, కోపం నా మీద" అన్నాడాయన. మూలన వాపసు వచ్చిన సెట్‌టాప్ బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రతిదాని మీదా తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్నుతో ఇంటి నంబరు. రెండు నంబర్లు మా వీధివే.

ఆటగాళ్లకు డబ్బు రావడం తప్పని నేను ఎప్పుడూ అనను. మహిళల లీగ్ హక్కులకు 951 కోట్లు వచ్చిన రోజు నిజంగా సంతోషించాను. నా బాధ వేరే. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగాయి. అక్కడ 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును బద్దలు కొట్టింది. పందొమ్మిదేళ్ల రికార్డు మన ఊళ్లో పోయింది! ఈ మాట చెబితే హనుమకొండ వాళ్లే "అవునా" అంటారు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్లు 55.07 సెకన్లలో పూర్తి చేసి తన విభాగంలో ప్రపంచ రికార్డు సాధించింది, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒక్క ఆట మీదే వేల కోట్లు పెట్టిన సంస్థ సాయంత్రం వేళ దేన్ని చూపిస్తుంది? ఆ వేల కోట్లు రాబట్టే ఆటనే పొద్దస్తమానం తిప్పి తిప్పి చూపిస్తుంది. దీప్తి పరుగు మనకు వార్తల్లో అర నిమిషం దక్కుతుంది.

ఇంకొకటి. 2024 నవంబరులో డిస్నీ స్టార్, వయాకామ్18 కలిసి జియోస్టార్ అయ్యాయి. ఐపీఎల్, స్వదేశంలో భారత్ ఆడే సిరీస్‌లు, ఐసీసీ టోర్నీలు, మూడింటి హక్కులూ ఇప్పుడు ఒకే గూటిలో ఉన్నాయి. ఐపీఎల్, ఐసీసీ ఒప్పందాలు 2027తో, బోర్డు స్వదేశీ సిరీస్‌ల ఒప్పందం 2028 మార్చితో ముగుస్తాయి. పోటీపడి పాడేవాళ్లు తగ్గితే వేలం ధర దిగవచ్చు. మన బిల్లు దిగుతుందని మాత్రం నేను నమ్మను. ఒక్కటే కొట్టు ఉన్న ఊళ్లో బేరం ఎక్కడిది?

కాబట్టి అడగాల్సింది ఇప్పుడే. 2007 చట్టాన్ని సవరించి దూరదర్శన్‌కు వచ్చే సిగ్నల్ కేబుల్ ఇళ్లకూ చేరేలా చేయాలని 2018లో కేంద్ర సమాచార, ప్రసార శాఖే ముసాయిదా తయారు చేసింది, జనం అభిప్రాయాలు కూడా అడిగింది. అది చట్టం కాలేదు. దాన్ని మళ్లీ బయటికి తీయాలి. సిగ్నల్ తప్పనిసరిగా పంచుకోవాల్సిన ఆటల జాబితాలో ఐపీఎల్ లేనే లేదు, కనీసం ఫైనల్‌నైనా చేర్చాలి. కొన్నవాళ్లకు నష్టమంటారా? కొత్త వేలానికి ముందే నిబంధన మారితే, అది తెలిసే ధర చెబుతారు.

మన ఎంపీలకు పంపడానికి తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాశాను. నకలు వీడియో కింద పెట్టాను. మీ ఊరి పేరు మార్చుకుని పంపండి. మొదటి ప్రతి మీద బాపు సంతకం చేశారు. రెండో సంతకం ఎదురింటాయనది, మూడోది కేబుల్ ఆపరేటర్‌ది.