గట్టు మీద లారీ, చేతిలో స్టీరింగు

శ్రోతలకు నమస్కారం.

గోదావరి డెల్టాలో లారీ నడపడమంటే సగం దూరం కాలువ గట్టు మీద నడపడమే. ఒక పక్క కాలువ, మరో పక్క చేపల చెరువో వరిచేనో. ఆకివీడు, భీమవరం వైపు నుంచి ఐసు నింపిన చేపల పెట్టెలు, అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి గెలలు, అన్నీ ఇలాంటి దారులు దాటాకే జాతీయ రహదారి ఎక్కుతాయి. ఎదురుగా బస్సు వస్తే గట్టు అంచుకు జరగాలి. అక్కడ స్టీరింగు మాట వినకపోతే, బ్రేకు పనిచేసేలోపే బండి నీళ్లలో ఉంటుంది.

లారీలో స్టీరింగు తిప్పితే ఆ కదలిక స్టీరింగు బాక్సులోకి, అక్కడి నుంచి డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్ అనే ఉక్కు కడ్డీల మీదుగా ముందు చక్రాలకు చేరుతుంది. మధ్యలో వాటిని కలిపే ఒక్క బాల్ జాయింటు ఊడితే చాలు, డ్రైవరు ఎంత తిప్పినా చక్రాలకు అందదు. బ్రేకు పోతే గేరు తగ్గించి బండిని కొంతైనా నిలవరించవచ్చు. స్టీరింగుకు ఆ అవకాశం లేదు.

ఇలాంటి లోపం ఫ్యాక్టరీలోనే వచ్చిందని తేలితే, ఆ లోపం ఉన్న బండ్లన్నిటినీ కంపెనీ పిలిపించి ఉచితంగా బాగు చేసి పంపాలి. దాన్నే రీకాల్ అంటున్నాం. అమెరికాలో దీనికి 1966 నుంచే చట్టం ఉంది. మన దగ్గర 2012లో తయారీదారుల సంఘం స్వచ్ఛందంగా మొదలుపెట్టింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ చేర్చాక, రీకాల్ చేయమని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది.

అయితే ఆ నిబంధనలు ఏడేళ్ల లోపు బండ్లకే. ఈ గడువు నాకు మింగుడుపడదు. మన గట్ల మీద తిరిగే లారీల్లో ఆ వయసు దాటినవే నా కంటికి ఎక్కువగా కనిపిస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. కంపెనీ కబురు వాళ్ల రికార్డులో ఉన్న యజమానికి వెళ్తుంది. లారీ అప్పటికే రెండు చేతులు మారి ఉంటుంది. ప్రాణం పణంగా పెట్టి నడిపే డ్రైవరుకు ఆ సంగతే తెలియదు. కాబట్టి కబురు కోసం ఎదురుచూడకండి. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, మొత్తం 17 అక్షరాలూ అంకెలూ, కంపెనీ అధీకృత వర్క్‌షాపులో చూపించి, దీని మీద రీకాల్ మిగిలి ఉందా అని అడగండి. పాత బండి కొనేవాళ్లు బేరం కుదరకముందే అడగాలి.

అరిగిపోవడం వేరు. ఐసు నీళ్లు కారి తుప్పు పట్టిన జాయింటును కంపెనీ నెత్తిన రుద్దలేం. దాన్ని మనమే చూసుకోవాలి. బండిని సమతలం మీద నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే మరొకరు పక్కన వంగి టై రాడ్ చివర్లు చూడాలి. రాడ్డు కదిలాక కాసేపటికి గానీ చక్రం కదలకపోతే జాయింటు అరిగినట్టే. కిరీటం లాంటి నట్టులో, అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉందో లేదో కూడా చూడండి. దాని బదులు ఇనుప తీగ చుట్టి పంపేవాళ్లున్నారు! పగిలిన డ్రాప్ ఆర్మ్‌కు వెల్డింగు వేయించడం అంతకంటే ఘోరం. ఆ వేడికి ఉక్కు బలం పోతుంది. కొత్తది వేయించాల్సిందే.

కొత్త బండిలోనే స్టీరింగు పట్టేస్తున్నా, వదులుగా ఆడుతున్నా, కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో యజమాని ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇలాంటి ఫిర్యాదులు తగినన్ని చేరితే ప్రభుత్వం విచారణకు కదులుతుంది. రీకాల్ కింద పని జరిగితే, ఏ భాగం మార్చారో జాబ్ కార్డులో రాయించుకుని, ఆ కాగితాన్ని ఆర్‌సీతో కలిపి బండిలోనే ఉంచండి. రేపు మీ దగ్గర ఆ లారీ కొనేవాళ్లకు అది కావాలి.